తురకవేప మాల

భారతమ్మత్తది మొండితనమని మా వీధిలో అందరూ అంటారు. అనేవాళ్ళంతా ఆమె కొడుకు ముఖం చూసి అంటారు. ఆ రోజు నేను ఆమె ముఖం చూసినదాన్ని, నా మాట వేరు.

నేను వాళ్ళ ఎదురింటి కోడల్ని. ఆ శ్రీరామనవమికి పానకంలోకి మిరియాలు దంచిపెట్టమని పిలిస్తే పోయి, మొదటినుంచి కడదాకా అక్కడే ఉన్నాను. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఎండాకాలం అది. ప్రొద్దుటూరులో ఆ ఏడు రాజధాని గురించి ఎంత మాట్లాడుకున్నారో ఈ మాల గురించీ అంతే మాట్లాడుకున్నారు. ఎవరికి తోచినట్టు వాళ్ళు అతుకులేసి చెప్పుకుంటున్నారు గనక, నేను చూసింది చూసినట్టు చెప్పేస్తే నాకు కడుపు చల్లగా ఉంటుంది.

భారతమ్మత్త కొడుకు ఆదినారాయణ శెట్టికి పెద్దబజారులో గుడ్డలంగడి. ఇల్లు ఆ వెనక వీధిలో. ఇంటి వెనక దొడ్డి, దొడ్డి మూలన ఒక కొట్టం, కొట్టం ముందర తురకవేప చెట్టు. ఆ కొట్టంలో ఖాజాబీ ఉండేది. ఆమె మొగుడు జమాల్ రంగూన్ ఓడరేవులో మూటలు మోసి, యుద్ధంలో బాంబులు పడితే కాలినడకన బయటపడి ఇల్లు చేరినవాడు. వచ్చి పెద్దశెట్టి దగ్గర, అంటే భారతమ్మత్త భర్త దగ్గర, బండి తోలడానికి కుదిరాడు. దొడ్లో కొట్టం వేసుకోమన్నది పెద్దశెట్టి. చెట్టు నాటింది జమాల్.

చూడ్డానికి వేపలాగే ఉంటుంది, వేప కాదు. పువ్వు ఊదారంగు. ఎండలు ముదరకముందే కొమ్మకొమ్మకూ గుత్తులు గుత్తులుగా పూసి, సాయంత్రమైతే వీధి చివరిదాకా వాసన కొడుతుంది. పోయినేటి కాయలు పండి, పసుపచ్చగా, ఇంకా చెట్టునే వేలాడుతుంటాయి. పిల్లలు నోట్లో పెట్టుకుంటే వాంతులే. రంగూన్‌లో చీనావాళ్ళ మందులంగళ్ళలో ఈ చెట్టు బెరడునీ కాయల్నీ ఎండబెట్టి సొరుగుల్లో దాచి అమ్ముతారనీ, కడుపులో ఏలికపాములకు కషాయం కాచి ఇస్తారనీ, కొలత తప్పితే పాములతో పాటు మనిషీ పోతాడనీ జమాల్ చెప్పేవాడు. అది విన్న తర్వాత మా వీధిలో ఎవరూ ఆ బెరడు జోలికి పోలేదు.

జమాల్ పోయాక ఖాజాబీకి అన్నం పెట్టింది ఆ చెట్టు గింజలే. కాయల్ని ఉడకబెట్టి కండ ఊడదీస్తే లోపల గట్టి గింజ ఉంటుంది. దాని నడిమధ్య పుట్టుకతోనే బెజ్జం. సూదితో లోపలి బెండు నెట్టేస్తే దారం పోతుంది. వాటిని ఆరబెట్టి, నూనె పట్టించి, మాలలు గుచ్చేది. కొట్టం గుమ్మానికి రెండు మేకులు. కుడిమేకుకు మనవాళ్ళ జపమాలలు, నూటెనిమిది పూసలవి. ఎడమమేకుకు సాయిబులు నమాజు తర్వాత తిప్పుకునే తస్బీలు, తొంభై తొమ్మిది పూసలవి, ముప్పై మూడింటికొకసారి ఒక చిన్న అడ్డపూస. గంప ఒకటే, గింజ ఒకటే, దారం ఒకటే. జమ్మలమడుగు వైపు ఉరుసులకు ఎడమమేకు ఖాళీ అయ్యేది, పులివెందుల వైపు తిరనాళ్ళకు కుడిమేకు ఖాళీ అయ్యేది. ఖాజాబీకి రెండు మేకులూ సమానమే.

ఇక జరిగిన పొరపాటు. పదేండ్ల కిందట పెద్దశెట్టి సన్నిపాత జ్వరంతో మంచానపడ్డాడు. భారతమ్మత్త తులసిమాల తెగిపోయి పూసలు ఇల్లంతా దొర్లిపోయాయి. దీపాలు పెట్టే వేళకు ఆమె దొడ్డిదారిన పరుగెత్తిపోయి, ఒక మాల ఇయ్యి మే అని చెయ్యి చాపింది. ఖాజాబీ కొట్టం లోపల పొయ్యి దగ్గర ఉంది. ఎప్పుడూ బయట నిలబడి మాలలు తీసే మనిషి, ఆ తొందరలో లోపలి నుంచే గుమ్మం మీదికి చెయ్యి చాచి కుడివైపు మాల తీసి ఇచ్చింది. లోపలి నుంచి కుడి అంటే బయటి నుంచి ఎడమ కదా. అలా తస్బీ వచ్చి భారతమ్మత్త చేతిలో పడింది.

పెద్దశెట్టి దక్కలేదు. రాముడు వినలేదో, విని ఊరుకున్నాడో నాకు తెలియదు. దినాలు అయిపోయాక ఖాజాబీ మాలలు చూసుకుంటే ఒక తస్బీ తక్కువ, ఒక జపమాల ఎక్కువ. గుండెలు బాదుకుంటూ కొత్త మాల తీసుకుని వచ్చింది. భారతమ్మత్త పాతది ఇవ్వలేదు. "ఆయప్ప పోయేటప్పుడు నా చేతిలో ఉండింది ఇదే మే. దీన్ని ఇచ్చేసి ఇంకోటి ఎట్ల తీసుకుంటా?" అని, తెచ్చిన మాల తెచ్చినట్టే తిప్పి పంపింది.

ఆ సంగతి ఆడవాళ్ళం కొందరికి తెలుసు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, జపం చేసేటప్పుడు నీ బొటనవేలు అక్కడక్కడా ఎందుకు ఆగుతుందత్తా అని అడిగాను. "ఈడ చిన్న పూస ఉండాది చూడు. ఆడ ఆగి దమ్ము తీసుకుంటా. రాముడేమన్నా పరుగుపందెం పెట్టినాడా?" అని నవ్వింది. ఇంట్లో మగవాళ్ళకు ఎవరికీ తెలియదు. తల్లి చేతిలో మాల ఉందా లేదా అన్నది చూస్తారు గానీ, అందులో పూసలెన్ని అని ఏ కొడుకు చూస్తాడు?

ఆ నవమికి ఆదినారాయణ వియ్యంకుడు, అంటే కోడలు శివమ్మ తండ్రి, పులివెందుల నుంచి ఒక స్వామిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటి పెద్దలకు మంత్రోపదేశం ఇప్పించాలని ఏర్పాటు. మొదట భారతమ్మత్తకు. నడవంతా చుట్టాలు, బజారు పెద్దమనుషులు. స్వామి వెంట ఒక శిష్యుడు. ఉపదేశం తీసుకునేవాళ్ళ మాలలన్నీ పళ్ళెంలో వేసుకుని, ఆవుపాలతో కడిగేముందు ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నాడు. భారతమ్మత్త మాల లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. తర్వాత దాన్ని కొనవేళ్ళతో పట్టుకుని స్వామి దగ్గరికి వచ్చాడు.

"స్వామీ, ఇది జపమాల కాదు. పూసలు తొంభై తొమ్మిది ఉన్నాయి, మధ్యలో అడ్డపూసలు. ఇది సాయిబుల తస్బీ."

నా రోకలి ఆగిపోయింది. నడవలో విసనకర్రలు ఆగిపోయాయి.

"అమ్మా, ఇది యాడ్నుంచి వచ్చింది?" అన్నాడు ఆదినారాయణ.

"ఖాజాబీ చేసింది."

ఇంకేముంది. ఖాజాబీని పిలిపించారు. ఆమె వెనక పంచలో, తలమీద కొంగు కప్పుకుని నిలబడింది. గడప దాటి లోపలికి ఎప్పుడూ వచ్చేది కాదు. ఆదినారాయణ గొంతు వీధిలోకి వినిపించేలా లేచింది.

"ఏమ్మే, మా నాయన చోటిచ్చినందుకు నువ్వు చేసింది ఇదా? మాయమ్మ చేతికి తస్బీ ఇచ్చి, దాని మీద రామనామం చెప్పిస్తాండావా? ఎవరు చేయించినారు నీతో?"

"అయ్యా, తప్పు నాదే. ఆ పొద్దు చీకట్లో..." అంటూ ఖాజాబీ ఏదో చెప్పబోయింది.

"నువ్వు గమ్మునుండు మే. చెప్పేదానికి నేనుండా" అంది భారతమ్మత్త. లేచి వచ్చి శిష్యుడి చేతిలో మాల తీసుకుంది. "చూడు నాయనా, ఆయమ్మ పొరపాటున ఇచ్చింది నిజమే. మార్చేదానికి ఆయమ్మే వచ్చింది. నేను ఇయ్యలా. ఇది యాడిదో, దీంట్లో ఎన్ని పూసలుండాయో నాకు పదేండ్లుగా తెలుసు. తెలిసే తిప్పుకుంటాండా."

ఆ 'తెలిసే' అన్న మాటతో కథ అడ్డం తిరిగింది. తల్లి మోసపోయిందంటే కొడుక్కి పరువు పోదు, నలుగురూ జాలిపడతారు. తల్లి తెలిసి చేసిందంటే ఎవరికి చెప్పుకుంటాడు? వియ్యంకుడు దగ్గాడు. శివమ్మ తల వంచుకుంది. ఆదినారాయణకు తల్లిని ఏమైనా అనే ధైర్యం లేక, ఆ కోపమంతా చెట్టు మీదికి తిప్పాడు.

"పొద్దు గూకేలోగా ఆ మాను కొట్టిస్తా. కొట్టం ఖాళీ చేయిస్తా. గింజలే లేకుంటే మాలలు యాడ్నుంచి వస్తాయో చూస్తా."

స్వామి చెయ్యెత్తాడు. ఆయన చెడ్డమనిషి కాదు. సాయంత్రానికి జమ్మలమడుగు చేరాలి, అక్కడ ఇంకో ఇంటివాళ్ళు కాచుకుని ఉన్నారు. గొడవ తొందరగా తెగితే చాలు ఆయనకు.

"తల్లీ, దోషమంటూ ఉంటే పరిహారమూ ఉంటుంది" అన్నాడు మెత్తగా. "ఆ అడ్డపూసలు తీసేసి, ఇంకో తొమ్మిది పూసలు కలిపి గుచ్చిస్తే నూటెనిమిది అవుతుంది. పాలతో కడిగి నేనే మీ చేతికిస్తాను. ఆ మనిషిని పంపించనక్కర్లేదు, చెట్టు కొట్టించనక్కర్లేదు."

చూశారా, ఎంత తేలికో. అందరికీ ఊపిరి వచ్చింది. ఆదినారాయణ కూడా భుజం మీది కండువా సర్దుకుని, సరే స్వామీ అన్నాడు. ఖాజాబీ కొట్టానికి పరుగెత్తి కొంగులో తొమ్మిది పూసలు, సూదీ దారం వేసుకుని వచ్చి పంచ అంచున కూర్చుంది. ఆమెకు ఆ పూసలంటే ఉత్త పూసలా? తలమీద కప్పు, రేపటి అన్నం, మొగుడు నాటిన చెట్టు. ఇక అయిపోయిందిలే అనుకుని నేను మళ్ళీ మిరియాలు దంచడం మొదలుపెట్టాను.

"ఇయ్యమ్మా. ఒక్క గడియ పని" అంది ఖాజాబీ, చెయ్యి చాపి.

భారతమ్మత్త పిడికిలి తెరవలేదు.

"ఎందుకు కలపల్ల సామీ?" అంది.

"తక్కువ ఉన్నాయి గనక, తల్లీ."

"ఎవరికి తక్కువైనాయి? ఆయప్ప పోయిన పొద్దు దీన్నే తిప్పినా. కడుపు పండలేదని ఈ శివమ్మ మూలన కూర్చొని ఏడిస్తే, దాని పక్కన కూర్చొని దీన్నే తిప్పినా. తెల్లారి తిప్పినా, పొద్దు గూకి తిప్పినా. ఇప్పుడు మీరు తొమ్మిది కలిపితే, ఇంతదంకా నేను చెప్పిందంతా తక్కువే అని నా నోటితో నేనే ఒప్పుకున్నట్ల. ఒప్పుకోను."

"శాస్త్రం ఒకటుంది కదా తల్లీ."

"ఉంటుంది సామీ, లేదనడంలా. నూటెనిమిది ఉంటేనే మంత్రం చెప్తామంటే, ఆ మంత్రం మీ దగ్గరే ఉంచుకోండి. నాకు రాముడు చాలు."

స్వామితో అలా మాట్లాడినవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఆదినారాయణ "అమ్మా, ఇంత మందిలో నా పరువు తీస్తాండావు" అన్నాడు. ఆమె కొడుకు వైపు తిరగలేదు. ఖాజాబీ వైపు తిరిగింది.

"మే, చేసిందానివి నువ్వు. నువ్వే చెప్పు. దీంట్లో ఏమన్నా తక్కువ ఉండాదా?"

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు భారతమ్మత్త మీద కోపం వచ్చింది. ఆమెకేం, మిద్దె ఉంది, కొడుకున్నాడు. ఎంత మొండికేసినా పూట గడుస్తుంది. గూడు పోగొట్టుకునే మనిషిని పట్టుకుని ఆ మాట అడగొచ్చా? అవునమ్మా, తొమ్మిది తక్కువే అని ఖాజాబీ ఒక్క ముక్క అంటే అన్నీ సర్దుకుంటాయి. అనెయ్యవే తల్లీ అని నేను లోపల లోపల బతిమాలుకున్నాను.

ఖాజాబీ చేతిలో పూసల వైపు చూసుకుంది. వెనక వాకిట్లో నుంచి చెట్టు కనిపిస్తోంది, నిండా పూసి ఉంది. సూదిని రవికెకు గుచ్చుకుంది. పూసల్ని కొంగున ముడేసుకుంది.

"లేదమ్మా. నిండుగానే ఉండాది" అంది. ఆదినారాయణ వైపు తిరిగి, "నేను వేసిన ముడి నేను విప్పను అయ్యా. మాను కొట్టించుకుంటే కొట్టించుకో" అంది.

నాకు ఏడుపొచ్చింది. మిరియాల ఘాటని అందరూ అనుకున్నారు, నేనూ అలాగే అనుకోనిచ్చాను.

ఆదినారాయణ అంగడి మనిషిని కేకేసి, కట్టెలు కొట్టేవాణ్ణి పిలుచుకొని రా పో అన్నాడు. భారతమ్మత్త దొడ్లోకి నడిచింది. రెండు మేకులకున్న మాలలన్నీ తీసి గంపలో వేసింది. గంప చంకన పెట్టుకుని నడవలోకి తిరిగొచ్చింది.

"కొట్టించు నాయనా. దొడ్డి నీది. గింజలు మాత్రం ఇంకా ఈ గంపలో ఉండాయి. పా మే ఖాజాబీ, బజారుకు పోదాం."

"యాడికమ్మా?" అంది ఖాజాబీ బిత్తరపోయి.

"బజారుకు మే. అమ్ముకునేదానికి. నీ బతుకుకు ఆధారం నేను పోగొట్టినా, ఇంక నేనూ కూర్చుంటా."

శెట్టింటి ముసలామె, మొగుడు పోయాక గుడికి తప్ప గడప దాటని మనిషి, పట్టపగలు చుట్టాలందరి మధ్య నుంచి వీధి తలుపు తీసుకుని బయటికి నడిచింది. వెనక, ఆ ఇంటి గడప మొదటిసారి దాటి, ఖాజాబీ. కూర్చోవడానికి గోనెపట్ట నేను పట్టుకుపోయాను. నీకేం పనే అక్కడ అని మా అత్త ఆ తర్వాత నెల్లాళ్ళు అడిగింది. అడగనీ.

పెద్దబజారులో, సరిగ్గా గుడ్డలంగడి మెట్ల ఎదురుగా, గోనెపట్ట పరిపించుకుని కూర్చుంది. గంప ముందర పెట్టుకుని కేకేసింది.

"మాలలు. తురకవేప మాలలు. నూటెనిమిదివి ఉండాయి, తొంభై తొమ్మిదివి ఉండాయి. మీ దేవునికి ఏది కావల్నో చూసి తీసుకోండి."

నవమి పందిరి కింద పానకం తాగుతున్నవాళ్ళు గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు. బంగారపు అంగళ్ళ వాళ్ళు గద్దెలు దిగి వచ్చారు. చుట్టూ మూగినవాళ్ళే గానీ కొన్నవాళ్ళు లేరు. ఆదినారాయణతో పనిపడని మనిషి ఆ బజారులో ఎవరున్నారు? పందిరివాళ్ళు పానకం తెచ్చిస్తే భారతమ్మత్త గ్లాసు ముందు ఖాజాబీకి ఇచ్చి, తాగే దాకా చూసి, తర్వాత తను తీసుకుంది. ఎండ నెత్తిమీదికి వచ్చింది. నేను కొంగు పట్టబోతే వద్దంది.

ఇంటి దగ్గరి కబుర్లు ఒక్కటొక్కటే మా దాకా వచ్చాయి. కట్టెలు కొట్టేవాడు గొడ్డలి తెచ్చుకుని వచ్చాడట. ఏ చెట్టు అని అడిగితే ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు ఒక్కరూ చెప్పలేదట. శివమ్మనడిగితే నాకు తెలియదు పో అని తలుపేసుకుందట. వాడు కాసేపు నిలబడి, బజారుకు వచ్చి మమ్మల్ని చూసి, గొడ్డలి భుజానేసుకుని తన దారిన పోయాడు. మధ్యాహ్నం దాటాక స్వామి జట్కా జమ్మలమడుగు దారి పట్టింది. మా ముందు నుంచే పోయింది. స్వామి మావైపు తిరిగి నమస్కారం పెట్టాడో, కండువా సర్దుకున్నాడో నేను చెప్పలేను.

ఆ తర్వాత ఆదినారాయణ వచ్చాడు. జనం దారిచ్చారు. పొద్దుటి కోపం ముఖంలో లేదు. రోజంతా ఎంతమందికి ఎన్ని సంజాయిషీలు చెప్పుకున్నాడో పాపం, మనిషి నలిగిపోయి ఉన్నాడు.

"అమ్మా, ఇంటికి రా" అన్నాడు నెమ్మదిగా.

"మాను?"

"కొట్టించను."

"కొట్టం?"

"ఉండనీ. ఆయమ్మను ఏమీ అనను."

"నా మాల?"

"నీ ఇష్టమమ్మా. తిప్పుకో" అన్నాడు.

ఖాజాబీ లేవబోయింది. నేను గోనెపట్ట మడతపెట్టబోయాను. భారతమ్మత్త మాత్రం కదల్లేదు.

"వస్తా నాయనా. కానీ పొద్దున్నుంచి కూర్చున్నాం, బోణీ కాలేదు. వట్టి చేతుల్తో ఎట్ల లేస్తాం? ఒకటి కొనుక్కో."

బజారు మొత్తం ఆదినారాయణ ముఖంలోకి చూసింది. అంగడి ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, బోణీ అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాలా? జేబులో చెయ్యి పెట్టాడు.

"ఏదో ఒకటి ఇయ్యి" అన్నాడు.

"ఏదో ఒకటి కాదు. కూర్చొని, చూసి తీసుకో" అని ఆమె గంప ఆయన ముందుకు జరిపింది.

తన అంగడి మెట్ల ఎదురుగా, అందరూ చూస్తుండగా, ఆదినారాయణ శెట్టి పంచె సర్దుకుని ఖాజాబీ గంప ముందు కూర్చున్నాడు.